గులాబీ కాగితంలో ఇంజెక్టరు

బంగారం అంగడాయన పోయాడని సెల్వం నాకు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి, ఒక నిట్టూర్పు విడిచి, ఆ వెంటనే అడిగిన మాట ఇది: "ఇంగ మనం ఇంజెక్టర్లు యాడ కడిగించేదన్నా?"

మనిషి పోయి గంట కాలేదు, నీకు ఇంజెక్టర్ల గోలేమిట్రా అని తిట్టాను. సెల్వం బండ్లు బాగుచేసే మెకానిక్. వాడి దుఃఖం కూడా గ్రీజు చేతులతోనే వస్తుంది. ఫోన్ పెట్టేశాక నిజం ఒప్పుకుంటే నాకు ముందు తోచిందీ అదే. ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే నొచ్చుకునేవాడు కాదు, మురిసిపోయేవాడు. "నేను పోతే కేజీఎఫ్‌లో బండ్లన్నీ దగ్గుతాయప్పా" అని బతికుండగానే ఊరంతా చెప్పుకున్న మనిషి.

రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆయనది చిన్న నగల అంగడి. గనులు నడిచిన రోజుల్లో వాళ్ల నాన్న పెట్టింది. భూమి లోపల బంగారం తవ్విన మా తాత లాంటివాళ్లు, జీతాల రోజున ఆ అంగడికొచ్చి అదే బంగారాన్ని కొనుక్కునేవాళ్లట. గనులు మూతపడ్డాక ఊరు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, చీకటిపడ్డాక దిగే ఊరైపోయింది. నగలు కూడా అక్కడే, అద్దాల అంగళ్లలో కొంటారు. కొని, మాసిపోయాక మాత్రం ఈయన దగ్గరికే తెస్తారు. కొనేది అక్కడ, కడిగించుకునేది ఇక్కడ. ఈయనకు దాని మీద కోపమేమీ ఉండేది కాదు. "పెండ్లి యాడన్నా చేసుకోండి, సీమంతం మనింట్లోనే" అనేవాడు.

నగలు కడగడానికి ఆయన దగ్గర ఒక కరెంటు తొట్టి ఉండేది. స్టీలుది, అన్నం గిన్నె అంత. నీళ్లలో కాస్త సబ్బు మందు వేసి గొలుసు అందులో పెట్టి స్విచ్చి నొక్కితే జుయ్యిమని మోగుతుంది. నీళ్లు వణుకుతాయి. గొలుసు కొంకుల్లో ఏళ్ల తరబడి దాక్కున్న మురికి పొగలాగా బయటికొస్తుంది. ఆ తొట్టి పెట్టుకుని ఆయన పాటికి ఆయన ఉంటే ఈ కథ లేదు.

ఒకరోజు ఎవరిదో కొత్త రకం బండి సరిగ్గా ఆయన అంగడి ముందు ఆగిపోయింది. సెల్వం వచ్చి విప్పి, వేలెడంత భాగం ఒకటి పైకి తీసి, ఇది మూసుకుపోయింది, కొత్తది వేయాలి అన్నాడు. ఈయన గల్లాపెట్టె వదిలి మెట్లు దిగాడు. పాత బండ్లలో కార్బరేటరు చేసే పని ఇప్పుడు ఇంజెక్టరు చేస్తుందనీ, దాని మూతికి కంటికి ఆనని రంధ్రాలుంటాయనీ, వాటిలోంచి పెట్రోలు మంచులాగా చిమ్మాలనీ సెల్వం వివరించాడు. ఇంటిదగ్గర వదిలేసి పోయిన బండిలో పెట్రోలు నెలల తరబడి నిలవుంటే పాకంలాగా ముదిరి ఆ రంధ్రాలు పూడిపోతాయి. మా ఊళ్లో మగవాళ్లు సగం మంది బెంగళూరులో అద్దెగదుల్లో ఉంటారు కాబట్టి అలాంటి బండ్లకు కొదవ లేదు. ఈయన రాళ్లు పరీక్షించే భూతద్దం కంటికి బిగించి, ఆ ఇనుప ముక్కను వెలుతురుకు పట్టి చూసి, "ఓరి నీ! ఇది ముక్కుపుడకే గదప్పా!" అన్నాడు. తీసుకెళ్లి తొట్టిలో వేశాడు. బండి నడిచింది. ఆ రోజుతో ఆయన బంగారం మీద మనసు విరిగిపోయిందని వాళ్లావిడ నమ్మకం.

విచిత్రమేమిటంటే ఆయనకు బండి నడపడం రాదు. జన్మలో హ్యాండిల్ పట్టుకోలేదు. ఎక్కడికైనా నడక, లేకపోతే ఆటో. అయినా ఎవరైనా ఇంజెక్టరు తెస్తే ముందు పీట వేసి కూర్చోబెట్టి, దాన్ని ఎర్ర మఖమల్ పళ్లెంలో పెట్టి, అలవాటు కొద్దీ త్రాసులో ఒకసారి తూచి, భూతద్దంతో చూసి జాతకం చెప్పేవాడు. "ఎన్నినాళ్లు నిలిపేసినావప్పా దీన్ని? ముక్కంతా జలుబు చేసుండాది." తొట్టిలోంచి తీశాక వెనక సందులోకి తీసుకుపోయి, ఒక గొట్టంతో పెట్రోలు అందించి, చిన్న బ్యాటరీ తీగ టిక్కుటిక్కుమని తాకించేవాడు. ఎదురుగా నగలు చుట్టే గులాబీ రంగు కాగితం పట్టుకునేవాడు. కాగితం మీద తడి పొడిలాగా సమంగా పరుచుకుంటే కేకపెట్టేవాడు. బొట్లుగా కారిందా, "ఇది ఇంగా ఏడుస్తా ఉండాది" అని మళ్లీ తొట్టికి పంపేవాడు.

ఆ సందులోంచే ఆయన వేదాంతం పుట్టింది. "మనుషుల్లో రెండే రకాలప్పా. చల్లేవాళ్లు, కారేవాళ్లు." ఓట్లడగడానికొచ్చే నాయకులు, హరికథలు చెప్పేవాళ్లు, బావమరదులు, అందరూ ఈ రెంటిలో ఏదో ఒకటి. నేనేదైనా కష్టం చెప్పుకోవడం మొదలుపెడితే చాలు, "నువ్వు కారే రకం" అని తేల్చేసేవాడు. కోపం వచ్చేది. కానీ రైల్లో కూర్చుని ఎదుటివాళ్లను ఆ లెక్కన విడగొడుతూ బెంగళూరు దాకా కాలక్షేపం చేసిన రోజులు నాకూ ఉన్నాయి.

వాళ్లావిడను నేను అత్తా అనేవాణ్ని, ఆయన్ను మామా అనేవాణ్ని. చుట్టరికమేమీ లేదు, మా తాత కొన్న పుస్తెల చుట్టరికం. ఆవిడ మొగుడి పిచ్చికి మూడు కట్టుబాట్లు పెట్టింది.

"ఏమండీ, లక్ష్మీదేవి ముందర పెట్రోలు కంపేందండీ? సాయంత్రం నేను దీపం పెట్టల్లనా, అంగడి ఎగిరిపోవల్లనా?"

కాబట్టి పెట్రోలు పనంతా వెనక సందులోనే. ఇంజెక్టరును నేరుగా తొట్టిలో వేయకూడదు, దానికి వేరే గాజు లోటా, ఆ లోటాను తొట్టి నీళ్లలో పెట్టాలి. ఇక మూడోది, ఇంజెక్టర్లను పాత న్యూస్ పేపర్లో చుట్టివ్వాలి, నగల కాగితంలో కాదు. మొదటి రెంటికీ ఆయన తల ఊపాడు. మూడోదానికి మాత్రం ససేమిరా అన్నాడు.

"మన అంగడి మెట్లు దిగే వస్తువు బంగారమైనా ఇనుమైనా మర్యాదగా దిగల్ల. న్యూస్ పేపర్లో చుట్టేకి అదేమన్నా బోండానా?"

ఆ ప్రకారం ఇంజెక్టరును కూడా జుంకీలు పెట్టే ఎర్ర డబ్బీలో, దూది మీద పడుకోబెట్టి, గులాబీ కాగితం చుట్టి, ఎర్ర దారం కట్టి, పైన కుంకుమ బొట్టు పెట్టి, రెండు చేతులతో ఇచ్చేవాడు. "బాగుండండి" అని దీవించేవాడు. పుచ్చుకున్నవాడు ఏం చేయాలో తెలీక దండం పెట్టేవాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ బొమ్మ పూర్తికాదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరైనా పెళ్లాన్ని ఆశ్చర్యపెడదామని చాటుగా జుంకీలు కొంటే, అతను ఇల్లు చేరేలోపల ఆమె బజారుకొచ్చి ఉంటే ఖర్మే. ఈయన అంగడిలోంచే గొంతెత్తి, "ఏమ్మా, జుంకీలు సరిపోయినాయా?" అని అడిగేవాడు. తిట్టిన వాళ్లతో, "కడుపులో పెట్టుకుంటే నాకు అజీర్ణం చేస్తాదప్పా" అనేవాడు. ఏదైనా ఊళ్లో చాటింపు వేయాలంటే ఆయనకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దు మామా అంటే చాలు.

లాక్‌డౌన్ ఎత్తేసిన కొత్తలో జరిగింది అసలు సంగతి. రైళ్లు లేనన్నాళ్లూ నా బండి వరండాలో టార్పాలిన్ కింద పడి ఉంది. మా అమ్మ దాని మీద మిరపకాయలు కూడా ఎండబెట్టింది. మళ్లీ రైళ్లు మొదలయ్యాయి గదా అని బటన్ నొక్కితే లోపల పంపు గుయ్యిమంది, ఇంజను తిరిగింది, దగ్గింది, మొండికేసింది. సెల్వం వచ్చి టాంకీ మూత తీసి వాసన చూసి, "అన్నా, ఇది పెట్రోలు కాదు, కషాయం" అన్నాడు. ఉన్నదంతా పారబోసి, ఇంజెక్టరు ఊడదీసి నా చేతికిచ్చి పంపాడు.

ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ కూడా అప్పుడే ఒక్కసారిగా మీద పడ్డాయి. అందులో సుగటూరు మంజుళది ఒకటి. వాళ్ల తాత కూడా గనిలో పనిచేసినవాడే. ఆ ఇంటి పుస్తెలు మూడు తరాలుగా ఈ అంగడివే. ఆ పిల్ల పెళ్లి అప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. పెళ్లికొడుకు వాళ్లది తమక అనే ఊరు. ఆ ఇంట్లో ఒక నాయనమ్మ ఉంది. రెండుసార్లు తప్పిపోయిన ముహూర్తం, ఈ పిల్ల మనింటికి అచ్చొచ్చేదేనా అని ఆవిడ పదిమందిలో అనేసింది. ఇంకొక్క అపశకునం జరిగితే ఈ సంబంధం వద్దంటానని కూడా అంది. ఇదంతా నాకెలా తెలుసంటే, ఇంకెలా, మామ చెప్పాడు.

పెళ్లికి ముందురోజు సాయంత్రం నేను నా ఇంజెక్టరు కోసం వెళ్లేసరికి మంజుళ మేనమామ పుస్తెల కోసం వచ్చి కూర్చుని ఉన్నాడు. మామ మంచి ఊపులో ఉన్నాడు. ఒక చేత్తో పుస్తెలు, ఒక చేత్తో ఇంజెక్టరు, నోటితో లోకాభిరామాయణం. రెండు ఎర్ర డబ్బీలు, రెండు గులాబీ పొట్లాలు, రెండు కుంకుమ బొట్లు. ఇద్దరికీ రెండు చేతులతో అందించి ఇద్దర్నీ దీవించాడు. మేనమామ పొట్లాన్ని అరచేతిలో ఆడించి, "బరువుగానే ఉండాదే!" అని సంతోషపడ్డాడు.

"మా అంగడి వస్తువంటే అంతేనప్పా" అన్నాడు మామ.

నాది తేలిగ్గా ఉంది. మురికి పోతే ఇంత తేలికవుతుందా అని అబ్బురపడి జేబులో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సెల్వం షెడ్డులో పొట్లం విప్పాం. దూది మీద రెండు పుస్తెలు పసుపుపచ్చగా తళతళలాడుతున్నాయి. సెల్వం కాసేపు వాటినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇది ఏ కంపెనీదన్నా?"

వాడి పాత టూ-స్ట్రోకు బండి అడిగి తీసుకుని బజారుకు పరిగెత్తించాను. మామ అప్పుడే షట్టరెత్తి లక్ష్మీదేవి పటానికి పూలు పెడుతున్నాడు. డబ్బీ తెరిచి చూపించాను. ఆయన మొదట అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"మరి ఇంజెక్టరు యాడుండాదప్పా?"

అడిగాక గానీ దాని జవాబు ఆయనకు తట్టలేదు. తట్టగానే గల్లాపెట్టె పట్టుకుని కూర్చుండిపోయాడు. లోపల్నుంచి అత్త వచ్చింది. చూసింది. అరుస్తుందనుకున్నాను. "న్యూస్ పేపర్లో చుట్టమని చెప్పినానా లేదా" అని మెల్లిగా ఒక్కమాట అని, పుస్తెల పొట్లం మళ్లీ అట్లాగే గులాబీ కాగితంలో కట్టి, పైన పసుపు గుడ్డ చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "లేవండి. బిరీన పోండి."

ఫోన్ చేద్దామన్నాను నేను.

"వద్దు" అన్నాడు ఆయన. "ఫోన్లో ఒగడికి చెప్తే మేళగాళ్లకు కూడా తెలిసిపోతాది. ఆ ముసలామె చెవిన పడితే ఏమంటాదో తెల్సునా? తాళి బదులు ఇనుము వచ్చిందంటాది. తప్పు నాదనరు అబ్బోడా, పిల్ల జాతకమంటారు. పెండ్లి నిలిచిపోతాది."

వాళ్లింటి పద్ధతి ఒకటి ఆయనకు తెలుసు. అంగడి నుంచి వచ్చిన పొట్లం ఇంట్లో విప్పరు. పందిట్లో కొబ్బరికాయ మీద పెట్టి, వచ్చిన పెద్దలందరికీ తాకించి, ఆ తర్వాతే ముత్తైదువలు విప్పి పసుపుతాడుకు గుచ్చుతారు. అంటే ముహూర్తం దాకా గడువుంది. మేం పోయి ఎవరికీ తెలియకుండా మార్చేయాలి. పొట్లం పొట్లమే గదా, ఇప్పుడు ఆ మర్యాద కాగితమే మాకు దిక్కయింది.

ఆ రోజు మేం చేసిన ప్రయాణం తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ రోజు మాత్రం రాలేదు. ముందు నేను, వెనక పట్టు పంచెలో ఆయన, మా వెనక తెల్లటి పొగ. పొట్లం నడుముకు చుట్టుకుని దాని మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు. బంగారుపేట దాటాం, కోలారు దాటాం. మంజుళ వాళ్ల ఊరు సుగటూరు దారి పట్టాక బండి ఒకసారి గింజుకుని ఆగిపోయింది. కార్బరేటరు. ఆముదం దీపమనీ, అమ్మమ్మల కాలం సరుకనీ ఆయన వెక్కిరించని రోజు లేదు. ఇప్పుడు రోడ్డు పక్కన, రాగిచేను గట్టు మీద దాని ముందు మోకాళ్లూని కూర్చున్నాడు.

"తల్లీ, నిన్ను అన్న మాటలన్నీ ఎనిక్కి తీసుకుంటా ఉండాను. ఈ ఒగసారికి పోనీ."

తల్లి కరగలేదు. దూరంగా నాదస్వరం వినిపిస్తోంది. నేను స్క్రూలు విప్పి లోపల పెట్రోలు పోయే సన్నటి ఇత్తడి జెట్టు ఊడదీసి, చొక్కాతో తుడుద్దామనుకునేలోపల ఆయన లాక్కుని నోట్లో పెట్టుకుని బుగ్గలుబ్బించి ఊదాడు. మూతంతా పెట్రోలు. కళ్లలో నీళ్లు. "థూ, ఎంత కారంగా ఉండాదప్పా!" అని ఇంకోసారి ఊదాడు. నలుసు ఎగిరిపోయింది. బిగించి నాలుగు తన్నులు తన్నేసరికి బండి పొగ కక్కుతూ లేచింది.

మేం పందిట్లోకి అడుగుపెట్టేసరికి మా ఇంజెక్టరుకు వైభోగం జరుగుతోంది. ఇత్తడి పళ్లెంలో బియ్యం, బియ్యం మీద పసుపు రాసిన కొబ్బరికాయ, దాని మీద గులాబీ పొట్లం. ఒకామె ఆ పళ్లెం పట్టుకుని వరసగా తిరుగుతోంది. ముసలివాళ్లు వణికే వేళ్లతో తాకి కళ్లకద్దుకుంటున్నారు. అక్షతలు వేస్తున్నారు. దీర్ఘసుమంగళీభవ అంటున్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ ముందు పళ్లెం ఆగింది. ఆవిడ రెండు చేతులా తాకి పొట్లాన్ని ఒక్క క్షణం ఎక్కువ చూసింది. పళ్లెం అక్కణ్నుంచి నేరుగా ముత్తైదువల దగ్గరికి వెళ్తోంది.

"ఆగండమ్మా!" అన్నాడు మామ. మేళం కూడా ఆగిపోయింది.

అందరూ ఇటు తిరిగారు. జుట్టు రేగి, పంచెకు మసి అంటి, ఒళ్లంతా పెట్రోలు కంపు కొడుతూ ఉన్నాడు. అయినా బజారులో గల్లా ముందు కూర్చున్నంత దర్జాగా నడిచి వెళ్లాడు.

"మూడు తరాలుగా ఈ ఇంటికి తాళి మా అంగడిది. అందురూ తాకితిరి, నేను కండ్లకద్దుకోవద్దా?"

పొట్లం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఉత్తరీయం తల మీదికి లాక్కుని, తూర్పుకు తిరిగి వంగి కళ్లకద్దుకున్నాడు. నేను అడ్డంగా నిలబడి చేతులు జోడించాను. అంత దగ్గర్నుంచి నాకు కనిపించింది ఆయన చేతులు కాదు, భుజాలు. ఉత్తరీయం కింద ఏదో మార్చుకుంటున్నట్టు కదిలాయి. తలెత్తి పొట్లం కొబ్బరికాయ మీద పెట్టాడు. ముత్తైదువలు విప్పారు. పుస్తెలు తళుక్కుమన్నాయి.

నాయనమ్మ ముక్కుకు కొంగడ్డం పెట్టుకునే పక్కావిడతో అంది: "చూస్తివా, అంగడంటే ఇట్లుండల్ల. దీవించేకి కేజీఎఫ్ నుంచి పడతా లేస్తా వచ్చినాడు పాపం. పిల్ల అదృష్టం."

భోజనాల్లో నేను ఆయన పక్కనే కూర్చున్నాను. భయం నాది. ఈయన ఒబ్బట్టు నమిలి మింగేలోపల ఎవరికో ఒకరికి చెప్పేస్తాడు. చెప్పలేదు. ఎవరేమడిగినా తల ఊపాడు. తిరుగు దారిలో కోలారు దాకా నోరు విప్పలేదు. అప్పుడు వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేసి, "అబ్బోడా, ఇది ఎవురికీ చెప్పకూడదు. ఆ పిల్లకు కూడా. తెలిస్తే జన్మంతా మనసులో కుములుతా ఉంటాది" అన్నాడు. కాస్సేపాగి, "నువ్వు చెప్పవులే. నేనే చెప్పేస్తానేమో. నువ్వు నన్ను కనిపెట్టుకోనుండల్ల" అన్నాడు.

ఆనాటి నుంచి నాకు ఆ ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం రైలు దిగి ఇంటికి పోతూ అంగడి ముందు ఆగేవాణ్ని. ఎవరైనా ఇంజెక్టరు తెచ్చి, "ఇది కడిగితే మళ్లీ నడుస్తాదా మామా?" అని అడిగితే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది. "నడుస్తాదా అంటావా? ఒగ ఇంజెక్టరుండాదప్పా, దానికి జరిగిన మర్యాద..." అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆగిపోయేవాడు. గ్లాసెడు నీళ్లు గటగటా తాగేవాడు. అత్త లోపల నవ్వుకునేది. అంత మంచి కథ, చెబితే బజారంతా గుమికూడే కథ, అదీ ఆయన స్వయంగా నాయకుడైన కథ. చెప్పకుండా ఉండటం ఆయనకు ఎంత నరకమో నాకు తెలుసు. ఒకసారి నాతోనే, "అబ్బోడా, నువ్వు ఏమీ తెలీనోడి మాదిరి కూర్చో, నీకు చెప్తాను" అన్నాడు. కూర్చున్నాను. మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. నేను సరైన చోట్ల అయ్యో అన్నాను. మనిషి తేలికపడ్డాడు. తర్వాత అప్పుడప్పుడు అట్లా చెప్పించుకునేవాణ్ని. ప్రతిసారీ ఆ కార్బరేటరు దగ్గర నాదస్వరం కాస్త దగ్గరగా వినిపించేది.

ఆయనంటే నాకు ఎంతిష్టమో అప్పుడు తెలిసింది. ఊరందరి గుట్టూ బజారులో పెట్టిన మనిషి, తనకు పేరు తెచ్చే ఒక్కదాన్ని, చుట్టం కాని ఒక ఆడపిల్ల కోసం కడుపులో దాచుకున్నాడు. అజీర్ణం చేసినా దాచుకున్నాడు.

మొన్న పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆకులేస్తుండగా మంజుళ వచ్చింది. భర్త, చిన్న కూతురు కూడా ఉన్నారు. అత్త దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను వెనక సందులోకి పిలిచింది.

"అన్నా, నా పెండ్లి పొద్దు మామతో వచ్చింది నువ్వే గదా?"

"దీవించేకి వచ్చినాం" అన్నాను. అలవాటైపోయిన కాపలా.

"నటించద్దన్నా. నేను పొట్లం విప్పి చూసినాను."

"పెండ్లికూతుర్ని చేస్తా ఉండారు. గదిలో ఎవురూ లేని గడియలో, ఎట్లుంటాదో ఒగసారి చూసుకుందామని విప్పితిని. చూస్తే ఇనుము."

"మరి ఎవురికీ చెప్పలేదా?"

"చెప్తే మా ఆయన నాయనమ్మ ఊరుకునునా? మళ్లీ అట్లే చుట్టి, దారం కట్టి, కొబ్బరికాయ మీద నేనే పెట్టిచ్చినాను. ఇంగ అక్కడ కూర్చోని వాకిలి తట్టు చూస్తా ఉంటిని."

"మేం రాకపోయుంటే?"

"మామ వస్తాడని నాకు తెలుసు." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "తాళి చూసేకి అంగడికి పోయిన రోజు ఆయన అరగంట సేపు నాకు చూపించింది ఇంజెక్టరే అన్నా. తాళి కోసం కాకపోయినా దాని కోసమైనా పరిగెత్తుకోని వస్తాడని కూర్చోనుంటిని."

నేను గట్టిగా నవ్వేశాను. చావింట్లో అట్లా నవ్వకూడదు. లోపల ఎవరో తొంగి చూశారు.

"మరి ఆయనకెందుకు చెప్పలేదు నువ్వు?"

"చెప్తే పాపం సిగ్గుపడతాడని. ఏటేటా ఈ తాళి కడిగించుకునేకి వస్తా ఉంటి గదా. ఆయన కడుగుతా నా మొగం చూసి ఏదో చెప్పబోయి నీళ్లు తాగుతాడు. నేను నవ్వొస్తే కొంగడ్డం పెట్టుకుంటాను. నాయనమ్మ పోయినంక మా ఆయనకు చెప్పేసినాను. ఈసారి వచ్చినప్పుడు మామకూ చెప్పేద్దామనుకుంటిని."

లోపల్నుంచి అత్త పిలిచింది, భోజనానికి లేవమని. మంజుళ కూతుర్ని ఎత్తుకుని వెళ్లింది. నేను ఆ సందులోనే కాసేపు నిలబడ్డాను. ఆయనకు తెలిస్తే ఏం చేసేవాడో నాకు తెలుసు. పంచె ఎగగట్టి బజారులో పడి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క అంగడి వదలకుండా చెప్పుకుంటూ పోయేవాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఏ అడ్డూ లేదు, ఆయనే లేడు.